పరుగు నేర్పిన పాఠము

ఆటలు దేహమునకు, చదువు బుద్ధికి అని మనము విడదీసి చెప్పుకొనుచుందుము. ఈ విభజన సరియైనది కాదు. దేహము శ్రమించునపుడు గుండె వేగముగా కొట్టుకొని, మెదడునకు రక్తప్రసారము హెచ్చును. అంతియే కాక, ఆడు బాలుడు ఆట నియమములను జ్ఞప్తియందుంచుకొనవలెను. బంతి ఎటు వచ్చునో కనిపెట్టవలెను. తన వంతు వచ్చువరకు ఓపిక పట్టవలెను. జ్ఞాపకము, అవధానము, నిగ్రహము అను ఈ మూడును చదువునకు మూలములే గదా!

కొందరు పిల్లలకు ఈ శక్తులు తోడివారంత త్వరగా అలవడవు. ఆలోచించుట, నేర్చుకొనుట, నిత్యకృత్యములను తామై నెరవేర్చుకొనుట వారికి కష్టము. దీనిని మేధోవైకల్యము అందురు. ఇది పిచ్చి కాదు, అంటువ్యాధి కాదు. ఇట్టివారి విద్యాభివృద్ధికై భారత ప్రభుత్వము 1984లో సికింద్రాబాదునందలి బోయినపల్లిలో ఒక జాతీయ సంస్థను నెలకొల్పినది.

వరంగల్లు జిల్లాలోని కల్లెడ గ్రామమున పుట్టిన జీవాంజి దీప్తికి ఈ వైకల్యము కలదు. చిన్ననాట కొందరు ఆమెను హేళన చేసిరి. ఆమె కాళ్లలోని వేగమును గుర్తించినవారు మాత్రము ఆమెను మైదానమునకు పంపిరి. హైదరాబాదులో నాగపురి రమేశ్ ఆమెకు శిక్షణ ఇచ్చిరి. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున ఆమె 400 మీటర్ల దూరమును 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన విభాగములో నాటి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ క్రీడలలో కాంస్య పతకమును గెలిచెను. మేధోవైకల్యము గల భారతీయ క్రీడాకారులలో ఆ పతకమును పొందిన మొదటి వ్యక్తి ఆమెయే.

ఆ పందెము కాళ్ల పని మాత్రమే కాదు. తుపాకి మ్రోగువరకు కదలరాదు. తన గీతలు దాటరాదు. మొదటనే బలమంతయు వ్యయపరచిన, చివరి వంద మీటర్లలో కాళ్లు మొరాయించును. కావున బలమును పంచుకొనుట నేర్వవలెను. ఇది లెక్క కాదా? నిగ్రహము కాదా?

అందరును పతకములు తేనక్కరలేదు. హిమాయత్ సాగరు వంటి జలాశయపు గట్టు వెంట నడచుచు అడుగులు లెక్కించుట, కనబడిన పక్షుల పేర్లను తిరుగు దారిలో జ్ఞప్తికి తెచ్చుకొనుట, అంకెలు చెప్పుచు బంతిని అందించుట కూడ మంచి అభ్యాసములే. వ్యాయామము ఈ వైకల్యమును మాన్పు మందు కాదు. ఉన్న శక్తిని పదును పెట్టు సాధనము. కొందరికి గుండె జబ్బులు, మెడ ఎముకల బలహీనత ఉండవచ్చును గనుక మొదట వైద్యుని సలహా పొందుట అవసరము.

విద్యార్థులారా! ఆట మొదలుపెట్టునపుడు మైదానపు అంచున ఒంటరిగా నిలుచున్న బాలుని చూడుడు. అతనికి నియమము ఒకసారి చెప్పిన తెలియకపోవచ్చును, పదిసార్లు చెప్పుడు. అతడు బంతిని జారవిడిచిన నవ్వకుడు, మరల అందింపుడు. అతనికి గురువు నేర్పు పాఠములో సగము మీరు నేర్పగలరు.