ముందు పాత్ర, తర్వాతే వేగం

2022 డిసెంబరులో స్వీడన్‌కు చెందిన ఎల్మోర్ అనే ఓవర్‌క్లాకర్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం దాటించేవాడు) ఇంటెల్ ఐ9-13900కె ప్రాసెసర్‌ను 9 గిగాహెర్ట్‌జ్ దాటించాడు. కంపెనీ దానికి పెట్టిన గరిష్ఠ వేగం 5.8 మాత్రమే. ఆ రకం ప్రాసెసర్ అప్పట్లో అంగట్లో ఎవరికైనా దొరికేదే. మరి అంత వేగం ఎలా నిలిచింది? దాని నెత్తిన బిగించిన లోహపు పాత్ర వల్ల, అందులో పోసిన ద్రవ హీలియం వల్ల, ఆ ఏర్పాటంతా ఓపికగా చేసుకున్న మనిషి వల్ల.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇంజినీరింగో, ఐటీఐయో చదువుతున్న మిత్రులారా! ఈ పాత్రను సొంతంగా చేసుకోవడం ఎలాగో తెలుసుకుంటే కంప్యూటర్ ఒక్కటే కాదు, మీ పని తీరూ మారుతుంది. వేగం పెంచితే వేడి పుడుతుంది. ఆ వేడిని మోసే ఏర్పాటు ముందే ఉండాలి. ఈ క్రమం తప్పితే ఎంత ప్రతిభ ఉన్నా సగంలోనే ఆగిపోతుంది.

1. లెక్క కాగితం మీద పెట్టండి

పైన చెప్పిన ప్రాసెసర్ మామూలు గరిష్ఠ వేగంలోనే 253 వాట్ల దాకా కరెంటు తీసుకుంటుంది. అదంతా దాదాపు వేడిగానే బయటికొస్తుంది. ఇలాంటి పాత్రల్లో మామూలుగా పోసేది మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. అది ఒక లీటరు ఆవిరైతే సుమారు 160 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అంటే లీటరు నైట్రోజన్ పట్టుమని పదకొండు నిమిషాలు రాదు. పాత్రను చల్లబరచడానికి అయ్యేది వేరే. వేగం పెంచేకొద్దీ ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క వేసినవాడికి ఎన్ని లీటర్లు కావాలో ముందే తెలుస్తుంది.

పగలు కాలేజీ, రాత్రి గ్రూప్స్ చదువు, ఆదివారం సాంచాల మీద పని. ఇవన్నీ ఒకేసారి తలకెత్తుకునే ముందు మీరూ ఇలాగే రాసుకోండి. నిద్ర ఎన్ని గంటలు, ఖర్చు ఎంత, చేతిలో ఉన్నది ఎంత? ఉత్సాహం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. కాగితమే చెబుతుంది.

2. సరైన లోహం ఎంచుకోండి

ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసు సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. వేడిని ప్రసరింపజేసే గుణాన్ని అంకెల్లో చెబితే రాగిది 400 దగ్గర, అల్యూమినియంది 237, స్టెయిన్‌లెస్ స్టీలుది 15 చుట్టూ ఉంటుంది. రాగికి బరువూ బలమే. 8 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తున్న రాగి దిమ్మె రెండు కిలోలకు పైనే తూగుతుంది. అంత లోహం ఉంటేనే ఒకసారి పోసి మళ్లీ పోసేలోగా ఉష్ణోగ్రత ఎగుడుదిగుడు కాకుండా ఉంటుంది. పాత్ర లోపలి అడుగున రంధ్రాలు తొలిస్తే ద్రవం తాకే చోటు పెరుగుతుంది.

మొదటి పాత్రను అల్యూమినియంతో చేయండి. అది చవక, మెత్తన. లేత్ మిషన్ మీద చేయి తిరిగిన టర్నర్ పక్కన నిలబడి, “అన్నా, ఈ అడుగు ఎట్ల చదును చేస్తరు?” అని అడగండి. పుస్తకంలో దొరకని చదువు అక్కడ దొరుకుతుంది.

3. కనిపించని చోట ఎక్కువ శ్రమించండి

ప్రాసెసర్‌ను తాకే అడుగుభాగం ఎవరి కంటికీ కనబడదు. ఫలితం మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది. మందపాటి అద్దం మీద సాండ్ పేపర్ పరచి, అడుగును దాని మీద రుద్దాలి. స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనబడకూడదు. కనబడితే మళ్లీ రుద్దాలి.

ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి కష్టం చూడలేక, 1992లో దారం చుట్టే ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. ఒక్క చీరకు దారం చుట్టడానికి ఆమె చేయి వేల సార్లు ఆడేది. ఒక్కో భాగాన్నే సరిచేసుకుంటూ, 1999లో యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. లోకం చూసింది పురస్కారాన్ని. దాన్ని తెచ్చింది మాత్రం ఎవరూ చూడని ఆ ఏడేళ్లు.

4. చెమ్మను రానివ్వకండి

పాత్ర చల్లబడగానే గాలిలోని తేమ దాని చుట్టూ నీరై, మంచై పేరుకుంటుంది. వానకాలం ముసురులో మరీ ఎక్కువ. ఆ నీరు మదర్‌బోర్డు మీద పడితే అంతా వృథా. అందుకే పాత్ర చుట్టూ, సాకెట్ చుట్టూ గాలి చొరని ఫోమ్ బిగిస్తారు, బోర్డుకు వ్యాజిలైన్ పూస్తారు. మీరు కూడా పెద్ద పనికి దిగే ముందు అడ్డం వచ్చేవాటిని గుర్తించి, ముందే దారి మూసేయండి. పరీక్ష నెలలో ఫోన్‌ను పక్క గదిలో పెట్టడం అలాంటిదే.

5. మీ హద్దు మీరే కనుక్కోండి

చల్లదనం ఎంత పెరిగితే అంత మంచిదనుకుంటే పొరపాటు. చాలా ప్రాసెసర్లు ఒక స్థాయి కిందికి చల్లబడితే పనే చేయవు. ఆ స్థాయి ఒక్కో చిప్‌కు ఒక్కో రకం. నేర్పున్నవాళ్లు థర్మామీటర్ చూస్తూ కొంచెం కొంచెంగా పోస్తారు. పక్కవాడు పన్నెండు గంటలు చదివాడని మీరూ చదవనక్కర్లేదు. మీ మెదడు ఏ గంటకు అలసిపోతుందో రాసి పెట్టుకోండి.

6. ప్రాణం కన్నా రికార్డు పెద్దది కాదు

లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. దానికి వాసన ఉండదు. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గి మనిషి తెలియకుండానే కుప్పకూలవచ్చు. మూత బిగిస్తే పాత్ర పేలుతుంది. నైట్రోజన్‌కు బదులు మైనస్ 78.5 డిగ్రీల డ్రై ఐస్‌ను (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను) వాడినా, వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది. కళ్లద్దాలు, తగిన చేతొడుగులు, గాలాడే చోటు, పక్కన తెలిసిన మనిషి ఉండాల్సిందే.

ఆ తెలిసిన మనిషి దూరంగా లేడు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు వీర్యాన్ని ద్రవ నైట్రోజన్ కంటైనర్లలోనే భద్రపరుస్తారు. దాన్ని ఎలా మోస్తారో, ఎలా పోస్తారో వాళ్లను గౌరవంగా అడగండి. నేర్చుకోవాలన్న కోరిక నిజమైతే ఊళ్లోనే గురువు దొరుకుతాడు.

ఈ ఆదివారం ఒక పాత కంప్యూటర్ విప్పండి. లోపలి ఉష్ణోగ్రత రాసుకోండి. దుమ్ము దులపండి, థర్మల్ పేస్టు మార్చండి, మళ్లీ కొలవండి. రెండు అంకెల మధ్య తేడాయే మీ చేతులు సాధించిన మొదటి ఫలితం. అక్కడి నుంచి పెంచుకుంటూ పోండి.