విధానములను తెలుపు కొన్ని పారిభాషిక పదములు

న్యాయస్థానమున, వైద్యశాలలో, ప్రయోగశాలలో మనము వినెడి పదములలో పెక్కు పనిచేయు పద్ధతులకు పేర్లు. పేరు తెలియనిచో పద్ధతి తెలియదు. పద్ధతి తెలియక కాగితముపై సంతకము చేయుట ప్రమాదకరము. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును వినబడును గనుక, అట్టి పదములు కొన్నింటిని ఇచట పరిశీలింతము.

మొదట న్యాయపదములు. 1948కి పూర్వము హైదరాబాదు సంస్థానమున న్యాయస్థానముల భాష ఉర్దూ. జప్తు, దస్తావేజు వంటి మాటలు రెండు భాషలలోను ఇంచుమించు ఒకే అర్థముతో నిలిచినవి. కొన్ని మాత్రము దారి మార్చుకొన్నవి. ఉర్దూలో ‘ముద్దయీ’ అనగా దావా వేసిన వాది. తెలుగులో ‘ముద్దాయి’ అనగా నేరము మోపబడినవాడు. ఫిర్యాదు తెచ్చినవాడు తాను ముద్దయీనని తెలుగు గుమాస్తాతో చెప్పినచో అతని స్థానమే తారుమారగును.

‘రాజీనామా’ యును ఇట్టిదే. ఉర్దూలో అది ఉభయపక్షములు సమాధానపడి వ్రాసికొను పత్రము. తెలుగులో ఉద్యోగమును వదలుకొను పత్రము; దీనిని ఉర్దూలో ‘ఇస్తీఫా’ అందురు. యజమానితో తగవు తీర్చుకొనదలచిన కార్మికుడు ఈ భేద మెరుగక తెలుగు రాజీనామాపై సంతకము చేసినచో, తగవు తీరుట యటుంచి కొలువే పోవును.

‘పంచనామా’ అనగా సాక్షుల సమక్షమున చూచినది చూచినట్లు వ్రాయు విధానము. శవపంచనామాను శవపరీక్షతో కలగలుపరాదు. మొదటిది పోలీసు అధికారి ఇరుగుపొరుగు పెద్దమనుషులు ఇద్దరి, లేక అంతకు మించినవారి ఎదుట, పైకి కనబడు గాయములను వ్రాయుట. రెండవది వైద్యుడు దేహమును కోసి పరిశీలించుట. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో శవపంచనామా 194వ సెక్షనున కలదు. 1973 నాటి చట్టమున ఇది 174వ సెక్షను.

ఇక వైద్యపదములు. ‘బయాప్సీ’ గ్రీకు మూలము గల పదము. ‘జీవము’, ‘చూచుట’ అను రెండు మాటల కలయిక. జీవించియున్న దేహమునుండి చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరిశీలించుటయే ఇది. ఈ మాట వినగనే క్యాన్సరు నిశ్చయమైనదని ఇంటిల్లిపాదియు కుమిలిపోవుదురు. అది వ్యాధి పేరు కాదు, వ్యాధి ఉన్నదో లేదో తేల్చు మార్గము. భయముచే దానిని వాయిదా వేయుటయే అసలు హాని.

‘డయాలసిస్’ తొలుత రసాయనశాస్త్ర పదము. పలుచని పొర గుండా చిన్న అణువులు దాటిపోవ, పెద్దవి నిలిచిపోవు పద్ధతికి థామస్ గ్రాహం 1861లో ఈ పేరు వాడెను. మూత్రపిండములు పనిచేయనపుడు రక్తమునందలి మలినములను తొలగించుటకు వైద్యులు ఈ సూత్రమునే గ్రహించిరి.

కంప్యూటరు విద్యార్థులు నిత్యము పలుకు ‘అల్గారిథమ్’ ఒక మనిషి పేరు! తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమున గణితము వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు లాటినులో రూపుమారి ఈ పదమైనది. ఒక లెక్కను నిశ్చితమైన మెట్లలో పూర్తిచేయు క్రమమని దీని భావము.

కొత్త పదము ఎదురైనపుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ పని ఎవరు చేయుదురు? ఏమి చేయుదురు? దానివలన ఏమి తేలును? జవాబు తెలియనిచో అడుగుటకు సిగ్గుపడరాదు. మన ఇండ్లలో చదువురాని పెద్దలు కాగితము చేతబట్టి మొదట వచ్చునది మన యొద్దకే గదా.