కుమారునికి బాధ్యత నేర్పు తండ్రి

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 2:12–29, 17:12–30



మన పెద్దారవీడు చుట్టుపట్ల గ్రామములలో ఏ అరుగుమీద నలుగురు పెద్దలు కూర్చున్నను, కొంతసేపటికి మాట పిల్లల మీదికి వచ్చును. మావానికి బాధ్యత తెలియలేదని ఒకరు, ఎంత కొట్టినను మారలేదని వేరొకరు చెప్పుకొందురు. బాధ్యతయనగా తనకు అప్పగింపబడిన దానికి తానే పూచీపడి, అడిగినప్పుడు జవాబు చెప్పుట. ఇది కుమారునికి ఎట్లు వచ్చును? దెబ్బలవలన వచ్చునా? బుద్ధిమాటలవలన వచ్చునా? ఈ నెల పాఠములో ఈ సంగతిని ఆలోచింతము.

ఒక బొమ్మల కథ

గీసిన బొమ్మలను కదలించి టెలివిజనులో చూపు హాస్యకథలు అమెరికా దేశములో అనేకము కలవు. అవి పిల్లల కొరకు మాత్రమే చేసినవి కావు. సంసారములోని చిక్కులను నవ్వు పుట్టునట్లు పెద్దలకును చూపును. 1997లో మొదలైన ‘కింగ్ ఆఫ్ ది హిల్’ అట్టి వాటిలో ఒకటి. అందులో హ్యాంక్ హిల్ అనువాడు టెక్సాసు రాష్ట్రములో గ్యాసు అమ్ము దుకాణములో పనిచేయు కష్టజీవి. అతని కుమారుడు బాబీ.

మొదటి సంవత్సరపు కథలలో ఒకదానియందు ఈ బాబీ సిగరెట్టు కాల్చుచు తండ్రికి పట్టుబడెను. చేసిన పనికి ఫలమేమో వానికి తెలియవలెనని తండ్రి ఒక పెద్ద కట్ట సిగరెట్లు వానిచేత వరుసగా కాల్పించెను. కడుపులో త్రిప్పినయెడల ఇక జన్మలో ముట్టడని ఆయన తలంపు. జరిగినది వేరు. కుమారునికి ఆ అలవాటు అంటుకొనెను. అంతేకాదు, పూర్వము పొగ మానివేసిన తండ్రియు తల్లియు మరల దానికి లోబడిరి. తుదకు ఇంటనున్న మేనకోడలు ముగ్గురిని ఒక గదిలో ఉంచి తాళము వేయవలసి వచ్చెను.

నవ్వించుటకు చెప్పిన కథయే. అయినను తండ్రులకు ఇందులో హెచ్చరిక యున్నది. హ్యాంకు చెడ్డవాడు కాడు. కుమారుడు బాగుపడవలెనని కోరినవాడే. అయితే శిక్ష వేసినయెడల బాధ్యత నేర్పినట్లే అనుకొనెను. తనలో దాగియున్న బలహీనతను లెక్కలోనికి తీసికొనలేదు.

ఏలీ చెప్పిన బుద్ధి

బైబిలులో ఏలీ కథ దీనికి మిక్కిలి దగ్గరగా నున్నది. అతని కుమారులైన హొఫ్నీయు ఫీనెహాసును బలిమాంసమును బలవంతముగా తీసికొనుచుండిరి. ఏలీ వారిని పిలిచి మాటలాడెను. ఆ మాటలు న్యాయమైనవే. కాని అప్పటికి అతడు బహు వృద్ధుడు. కుమారులు ఎదిగిపోయిన మనుష్యులు. వారు వినలేదు. మరియు 29వ వచనము చూడుడి. కుమారులు తెచ్చిన క్రొవ్విన భాగములలో తండ్రికిని పాలున్నదన్న నింద అక్కడ కనబడుచున్నది. నోరు వద్దనెను, చేయి పుచ్చుకొనెను. కుమారులు నోటిమాట కంటె చేతిపనిని నమ్మిరి.

ఇది మన యిండ్లకు దూరమైన సంగతి కాదు. పొదిలి వైపు పొలములలో పొగాకు పండును గనుక అది మన కంటికి వింతగా నుండదు. బీడీకట్ట తెమ్మని పదేండ్ల పిల్లవాని చేతిలో డబ్బులుంచి అంగడికి పంపు తండ్రులు ఎందరు లేరు? 18 ఏండ్లు నిండనివారికి పొగాకు సరుకు అమ్మరాదని 2003లో చట్టము వచ్చెను. అంగడివాడు ఇయ్యరాని దానిని తండ్రియే తెమ్మన్నయెడల, ఆ పిల్లవాడు రేపు దానిని నోట పెట్టినప్పుడు తండ్రి ఏ ముఖముతో కఱ్ఱ పట్టును?

యెష్షయి అప్పగించిన పని

ఇప్పుడు 17వ అధ్యాయమునకు వత్తము. గొల్యాతు సంగతి చదువు తొందరలో మనము దాని ముందున్న మాటలను దాటిపోవుదుము. యెష్షయి తన కడగొట్టు కుమారునికి ఏమి బోధించెనో ఆ భాగము చెప్పదు; ఏమి అప్పగించెనో చెప్పుచున్నది. ఇంటి గొఱ్ఱెలను అప్పగించెను. యుద్ధమునకు పోయిన అన్నలకు వేయించిన ధాన్యమును పది రొట్టెలను, వారి అధిపతికి పది జున్నుగడ్డలను ఇచ్చి, వారి క్షేమము తెలిసికొని రమ్మని పంపెను. సరకు ఇది, చేరవలసిన చోటు ఇది, తేవలసిన కబురు ఇది అని పని తేటగా చెప్పెను. పిమ్మట నమ్మి పంపెను.

దావీదు ఏమి చేసెను? 20వ వచనము ప్రకారము తెల్లవారుజామున లేచి, గొఱ్ఱెలను వేరొక కాపరికి అప్పగించి బయలుదేరెను. 22వ వచనము ప్రకారము తెచ్చిన వస్తువులను సామాను కాచువాని యొద్ద ఉంచి, అటుపిమ్మటనే అన్నల యొద్దకు పరుగెత్తెను. ఆ చిన్న మందను ఎవరికి విడిచి వచ్చితివని పెద్దన్న ఏలీయాబు కోపపడినప్పుడు, చదువు మనకు జవాబు ముందే తెలిసియున్నది. తండ్రి కన్ను లేనిచోటను పని జరిగెను. బాధ్యతకు గురుతు ఇదియే.

మనము చేయదగినది

ఒకప్పుడు మార్కాపురము పలకలు దూరదేశములకును పోయెను. పలక మీద మొదటి అక్షరము దిద్దించునప్పుడు పెద్దవారు పిల్లవాని చేయి పట్టుకొందురు. కాని ఎల్లకాలము పట్టుకొన్నయెడల వానికి వ్రాత రాదు. చేయి విడువగా గీత వంకరపోవును; తుడిచి మరల వ్రాయును. బాధ్యతయు అట్లే.

ఒక మేకపిల్లను వానికి అప్పగింపుడి. నీరు, మేత, సాయంకాలము కట్టివేయుట వాని పని. ఒకనాడు మరచినయెడల కొట్టవద్దు. వానికి తెలియకుండ మీరే ఆ పని చేసివేయనువద్దు. వానిని పిలిచి, ఆకలితో అరచుచున్న మేకను చూపి, వానిచేతనే మేత వేయింపుడి. సంతలో సామాను కొనుటకు పంపి, మిగిలిన చిల్లర లెక్క అడుగుడి. లెక్క సరిపోయిన దినమున మెచ్చుకొనుడి. ఆడపిల్లలకును ఈ నమ్మకమే చూపుడి. వారికి పని మాత్రమిచ్చి లెక్క మగపిల్లలకిచ్చుట న్యాయము కాదు.

అయితే బరువు వయస్సుకు తగినదై యుండవలెను. బడి మాన్పించి మంద వెంట పంపుట బాధ్యత నేర్పుట కాదు. తండ్రి బాధ్యతను పిల్లవాని తలమీద పెట్టుట. 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు చదువు హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ హక్కు నిలుపుట పెద్దల పూచీ.

మన పిల్లలు అనేకులు పెరిగి హైదరాబాదునకో బెంగుళూరునకో పనికి పోవుదురు. అక్కడ తండ్రి కఱ్ఱ చేరదు. తండ్రి నమ్మి అప్పగించిన అలవాటును, తండ్రియందు తాము చూచిన నడతయును మాత్రము వెంట పోవును. కాబట్టి తండ్రులారా, కుమారుని లెక్క అడుగుటకు ముందు మన లెక్క చూచుకొందము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీ మాటలు మంచివైనను కుమారులు ఏల వినలేదు?
2. దావీదు పయనమగుటకు ముందు గొఱ్ఱెల విషయమై ఏమి ఏర్పాటు చేసెను?
3. మీ యింట ప్రతి బిడ్డకు అప్పగించిన పని యేది? దాని లెక్క ఎప్పుడు అడుగుచున్నారు?
4. పిల్లలకు వద్దని చెప్పుచు మనము మానని పని యేదైనను ఉన్నదా?