అద్దె ఎక్కడికీ పోదంటావా?

ఏమే, మీ మరిది హైదరాబాదు నిజాంపేటలో ఫ్లాట్ చూసొచ్చాడటగా! నీ రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో పడి నెల తిరగలేదు, అప్పుడే దానికి గోడలు లేపేస్తున్నారన్నమాట. 60 లక్షల డబుల్ బెడ్‌రూం, నెలకి 18 వేలు అద్దె. నువ్వు విజయవాడలో సొంతింట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఒకటో తారీకున డబ్బులు పడ్డాయని ఫోన్ మోగుతుంది. వినడానికి కమ్మగానే ఉంది. ఓసారి పెన్నూ కాగితం తెచ్చుకో.

60 లక్షల ఫ్లాట్ 60 లక్షలకి రాదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులే ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. కప్‌బోర్డులు, గ్రిల్స్, గీజర్లు లేకపోతే ఈ రోజుల్లో అద్దెకొచ్చేవాళ్లు గుమ్మం కూడా తొక్కరు. వాటికో రెండున్నర వేసుకో. 67 లక్షలైందా? ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ వేరే.

ఇక అద్దె. పన్నెండు నెలలూ లెక్కేయకు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు చేరేలోపు నెల గడిచిపోతుంది. 11 నెలలకి 1,98,000. ఆస్తి పన్ను 8 వేలనుకో. సున్నాలు, ప్లంబరు, బ్రోకరు కమిషను, ఖాళీగా ఉన్న నెల మనమే కట్టాల్సిన మెయింటెనెన్సు... అన్నీ కలిపి ఏడాదికి సర్దితే 22 వేలైనా అవుతుంది. మిగిలేది 1,68,000, నెలకి 14 వేలు. 67 లక్షల మీద రెండున్నర శాతం! బ్యాంకు ఎఫ్‌డీ నయం కదే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ అద్దెకిచ్చి చూడమని ఎందుకనలేదో! మా కింద ఫ్లాట్ ఆవిడ మొన్న ఒకళ్లని ఖాళీ చేయించింది. వంటింటి టైల్స్ నిండా జిగురు కొక్కేలు, పీకితే పెచ్చు ఊడొచ్చింది. బాల్కనీలో పావురాల వల చిరిగి వేలాడుతోంది. యుటిలిటీలో కుళాయి ఎన్నాళ్లుగా కారిందో, ఆ కింది వాళ్ల బాత్రూం సీలింగ్ నల్లబడిపోయింది. రెండు నెలల అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలా అని గుమ్మంలో నిలబడి గంటసేపు పంచాయితీ. ఆవిడ అదే బిల్డింగులో ఉంటుంది కాబట్టి సరిపోయింది. నువ్వు విజయవాడ నుంచి బస్సెక్కి రావాలి.

అలాగని ఇంటిని మరీ తీసిపారేయను. అద్దె ఏటా ఎంతో కొంత పెరుగుతుంది. పైగా ఫ్లాట్ ధర రోజూ టీవీలో స్క్రోల్ అవదు, కాబట్టి నిద్ర పడుతుంది. ఇది చిన్న విషయమేం కాదు. కానీ పెరిగేది నేల ధర. గోడలు పాతబడుతూనే ఉంటాయి. ఆ నేలలో నీ వాటా ఎన్ని గజాలన్నదే అసలు సంగతి.

మీ అబ్బాయి డివిడెండ్ షేర్లు కొనమంటున్నాడు కదా, వాడి మాటా చూద్దాం. 2024-25కి గాను కోల్ ఇండియా షేరుకి 26.50, ఐటీసీ 14.35 రూపాయలు ఇచ్చాయి. 2025 మార్చి నెలాఖరుకి రెండు షేర్లూ ఇంచుమించు 400 దగ్గరే ఉన్నాయి. అంటే ఒకటి ఆరున్నర శాతం, రెండోది మూడున్నర. సున్నాలు వేయించక్కర్లేదు, టులెట్ బోర్డు అక్కర్లేదు. అవసరం పడితే ఒక పది షేర్లు అమ్ముకోవచ్చు. ఫ్లాట్‌లో బాల్కనీ ఒక్కటే అమ్ముతానంటే ఎవడు కొంటాడు?

అయితే ఇదే కోల్ ఇండియా 2010లో 245కి ఇష్యూకి వచ్చి, 2020లో అందులో సగానికి పడిపోయింది. డివిడెండ్ ఇస్తూనే ఉంది, అయినా ఆ ధర చూసి నువ్వు అమ్మేయకుండా ఉండగలవా? ఆ ఏడాది ఏప్రిల్‌లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులన్నిటినీ డివిడెండ్ పంచొద్దంది. బ్యాంకు షేర్ల మీద ఇల్లు గడుపుకునేవాళ్లు ఏమైపోవాలి? అవే కరోనా రోజుల్లో హైదరాబాదులో ఐటీ పిల్లలు ఊళ్లకి పోయి హాస్టళ్లూ ఫ్లాట్లూ ఖాళీ అయ్యాయి, అదీ నిజమే. పైగా డివిడెండు నెలనెలా రాదు. వేసవి చివర్నుంచి సెప్టెంబరు దాకా పండగ, తర్వాత చాలామటుకు పస్తు. పది శాతం ఇస్తోందని ఎవరైనా ఊరిస్తే, డివిడెండు పెరిగిందా, షేరు ధర కూలిందా అని ముందు చూడు.

ఇంతకీ మీ మరిదీ, మీ అబ్బాయీ ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. నీకు అరవై దాటాయి కదే! పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీములో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచీ 8.2 శాతమే నడుస్తోంది. మూడు నెలలకోసారి 61,500. అంటే ఏడాదికి 2,46,000. సగం డబ్బుతోనే ఆ ఫ్లాట్‌ని దాటేశాం! కాకపోతే ఐదేళ్లూ అదే అంకె. కందిపప్పు ధర పెరిగినా అది పెరగదు. అందుకే మిగతాదాంట్లో ఆస్పత్రి ఖర్చులకి ఐదారు లక్షలు ఎఫ్‌డీలో ఉంచి, తక్కినది ఏడెనిమిది కంపెనీల్లో రెండు మూడేళ్లపాటు కొద్దికొద్దిగా పెట్టమంటాను. అద్దె మీదే మనసు పడితే రీట్లు ఉన్నాయి. మాదాపూర్ మైండ్‌స్పేస్ ఆఫీసుల అద్దెలో వాటా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాని ధరా ఊగుతుందనుకో.

పన్ను గురించి కంగారు పడకు. కొత్త పద్ధతిలో నీ పెన్షనుతో కలిపి 12 లక్షల లోపైతే పన్ను పడదు. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10 వేలు దాటిన డివిడెండులో పది శాతం ముందే కోస్తారు, రిటర్ను వేస్తే తిరిగొస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. డీమ్యాట్ నీ పేరునే తెరువు, నామినీ రాయి, పాస్‌వర్డు నీ దగ్గరే ఉంచుకో. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని డివిడెండు, దాంతోపాటు ఆ షేర్లూ, ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. ట్రంకుపెట్టెలో మొగుడు దాచిన షేరు కాగితాలు పట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్న ఆడవాళ్లున్నారు.

మీ మరిది ఇంకా పట్టుబడితే, బిల్డరుని రెండు విషయాలడగమను. ఫ్లాటుకి నేలలో వాటా ఎన్ని గజాలు? అదే బ్లాకులో ఇప్పుడు అద్దెకున్నవాళ్లు ఎంత కడుతున్నారు? రెండోదానికి వాచ్‌మన్‌ని అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది.