వాహన ఇంజనుతో జనరేటరు: మగ్గాల వారు తెలుసుకోవలసిన విషయాలు

సోలాపూర్ తూర్పు భాగంలోని పద్మశాలి పేటలలో ఇంటికీ కార్ఖానాకూ నడుమ తరచుగా ఒక్క గోడే అడ్డు. కరెంటు పోతే చద్దరు, తువ్వాలు మగ్గం మీదనే ఆగుతాయి. వాటితోపాటు కూలీ ఆగుతుంది. కనుక పాత ఆటో ఇంజనుకు బెల్టు తగిలించి జనరేటరు తిప్పుదామనే ఆలోచన కలగడం సహజం. అది సాధ్యమే, కానీ ఇంజను తిరిగినంత మాత్రాన పని పూర్తికాదు.

మొదటిది వేగం. మన విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. అది రావాలంటే నాలుగు ధ్రువాల జనరేటరు నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. ఇంజను 2000 చుట్లతో నడుస్తూ దాని పుల్లీ 6 అంగుళాలుంటే, జనరేటరు పుల్లీ 8 అంగుళాలుండాలి. రోడ్డు మీద వేగాన్ని డ్రైవరు సరిచూసుకుంటాడు. ఇక్కడ ఆ పని గవర్నరు చేయాలి. అది లేకపోతే, పోగు తెగి మగ్గం ఆగినప్పుడు బరువు తగ్గి ఇంజను ఒక్కసారిగా వేగం పెంచుతుంది. వోల్టేజి పెరిగి బల్బులు, మోటార్లు కాలిపోవచ్చు.

రెండవది శక్తి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. నష్టాలు కలుపుకొంటే ఒక హెచ్‌పీ మోటారుకు సుమారు 1 కిలోవాటు కావాలి. పైగా మోటారు కదిలే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. అందుచేత మగ్గాలను ఒకదాని తరువాత ఒకటిగా నడపాలి. వాహన ఇంజనుకు చెప్పే హెచ్‌పీ దాని గరిష్ఠ శక్తి. గంటల తరబడి అంత శక్తి రాదు. నిలిచిన బండికి ఎదురుగాలి ఉండదు గనుక ఇంజను త్వరగా వేడెక్కుతుంది కూడా. మోటారు త్రీఫేజుదైతే జనరేటరూ త్రీఫేజుదే కావాలి.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. జనరేటరు తీగను నేరుగా ఇంటి వైరింగుకు కలిపితే ఆ విద్యుత్తు వీధి లైనులోకి వెనక్కు పారుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దానిని తిరగవేసి 11,000 వోల్టుల స్థాయికి పెంచగలదు. లైను ఆపి ఉన్నదని నమ్మి స్తంభమెక్కిన మహావితరణ కార్మికుని ప్రాణం పోవచ్చు. కనుక ఏ సమయంలోనైనా రెండింటిలో ఒక్కదానినే కలిపే చేంజోవర్ స్విచ్చి తప్పనిసరి. దానిని, ఎర్తింగును లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేతనే అమర్పించుకోవాలి.

చివరిది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిద్రించేవారిని మేల్కొలపకుండానే చంపుతుంది. కార్ఖానాలో ఎగిరే నూలు నూగు వేడి సైలెన్సరుపై పడితే నిప్పంటుకుంటుంది. కాబట్టి ఇంజను ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉండాలి. బెల్టుకు జాలీ కప్పాలి. ఇంజను చల్లారిన తరువాతనే ఇంధనం పోయాలి.

ఈ ఏర్పాట్లన్నీ కుదరనప్పుడు కరెంటు వచ్చేదాకా మగ్గం ఆపుకోవడమే మేలు. ఆగిన చద్దరును మరునాడు నేయవచ్చు.