బాలింత ఏడుపుకి దిష్టి తీస్తే సరిపోదు

ప్రశ్న: మా అమ్మాయికి కాన్పై నెల దాటింది. పాప పడుకున్నా తను నిద్రపోదు, ఊరికే ఏడుస్తుంది. దిష్టి తీశాం. ఏం చేయాలి?

జవాబు: కాన్పయిన కొత్తలో ఏడుపు, చిరాకు చాలామంది తల్లులకు వస్తాయి. రెండు వారాల్లో సర్దుకుంటాయి. నెల దాటినా తగ్గలేదంటే డిప్రెషన్ కావచ్చు. అందులో తల్లి తప్పేమీ లేదు.

ఈ డిప్రెషన్‌ను గుర్తించేందుకు 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. వాటి సాయంతో డాక్టర్లు త్వరగా అంచనాకు వస్తారు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ అవసరమే. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. రాత్రిళ్లు పాపను అమ్మమ్మో తండ్రో చూసుకుంటే ఆమెకు కాస్త కునుకు పడుతుంది; ఆ నిద్ర కూడా వైద్యంలో భాగమే.

చచ్చిపోవాలనుందన్నా, బిడ్డకు హాని చేస్తానేమోనన్నా ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సలహాకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయండి.