కదలని సైకిలు, కూర్చుండుచోటి పుండ్లు

ఒకేచోట నిలిపి వ్యాయామమునకై త్రొక్కు సైకిళ్లు నేడు మన పట్టణములలో సామాన్యములైనవి. వానకు తడియక, బండ్ల రద్దీకి వెఱవక పిల్లలును పెద్దలును వానిని త్రొక్కుచున్నారు. మంచిదే. కాని కొలది దినములకే కొందఱికి కూర్చుండుచోట మంటయు, ఎఱ్ఱదనమును, పిమ్మట కురుపులును కలుగును. అది పదుగురిలో చెప్పుకొనరాని చోటగుటచే పిల్లలు తల్లికి సహితము చెప్పక దాతురు. దాచిన కురుపు సెగగడ్డయై, తుదకు వైద్యుడు కోసి చీము తీయవలసి వచ్చుటయు కలదు. కావున ఈ సంగతి సంకోచింపక వ్రాయుచున్నాము.

వీథిలో పోవు సైకిలుకంటె కదలని సైకిలే యీ బాధను త్వరగా తెచ్చునన్నచో కొందఱు నమ్మరు. గుంటలును కుదుపులును లేవుగదా యందురు. అవి లేకపోవుటయే చిక్కు. బాటపై పోవువాడు గుంట వచ్చినప్పుడు సీటునుండి లేచును, మలుపులో ఒరగును, మిట్ట యెక్కునప్పుడు నిలిచి త్రొక్కును. ఇట్లు తానెఱుగకయే చర్మమునకు మాటిమాటికి విశ్రాంతి నిచ్చును. కదలని సైకిలుపై కూర్చున్నవాడు కూర్చున్నట్లే యుండును. పిఱుదుల యడుగున రెండెముకలు గలవు. దేహభారము వానిపైనను చుట్టునున్న మెత్తని చోట్లపైనను పడి, సన్నని రక్తనాళములు అణగి, చర్మమునకు రక్తము చాలకపోవును. ఎదురుగాలి లేదు గనుక చెమట యాఱదు. నానిన చర్మము ఒరపిడికి చిట్లును. చిట్లినచోటను వెండ్రుకల మొదళ్లను సూక్ష్మజీవులు చేరి చీము పుట్టించును.

మొదట సీటు చూచుకొనవలెను. పెడలు అడుగునకు వచ్చినప్పుడు మోకాలు కొంచెము వంగియుండవలెను. సీటు మరీ యెత్తైనచో కాలందక నడుము ఇటునటు ఊగును. ఆ యూపే చర్మమును ఒరయును. మెత్తగానుండునని దూదిదిండువంటి తొడుగు వేయువారున్నారు. ఎముకలు దానిలో దిగబడి భారమంతయు మెత్తని భాగములపై పడును గనుక అది మేలుకంటె కీడే చేయవచ్చును. పది నిమిషముల కొకసారి అర నిమిషము లేచి నిలిచి త్రొక్కుడు. ఎదుట ఫ్యాను పెట్టుకొనుడు. లోపల మెత్త కుట్టిన సైకిలు నిక్కరు దొరకినచో తొడుగుకొనుడు. దాని క్రింద లోదుస్తు వలదు, ఆ కుట్లే చర్మమును కోయును. ఒరయుచోట కొంచెము వాసెలైను రాయవచ్చును. ఆ చోట వెండ్రుకలను గొరుగరాదు. త్రొక్కుట ముగిసిన తోడనే బట్ట విప్పి, స్నానముచేసి, రుద్దక అద్ది తుడిచి, పొడిబట్ట కట్టవలెను. చెమటనిక్కరుతోనే కూర్చుండి ఫోను చూచు అలవాటు మన బాలురలో మెండు. తల్లులు దీనిని గమనింతురు గాక.

పుండు కనబడినచో మొదటి మందు సైకిలు మానుట. 1989లో టూర్ ద ఫ్రాన్స్ అను గొప్ప పందెము తుదిదినమున లోరాన్ ఫిన్యోన్ అను ఫ్రెంచి వీరుడు ఇట్టి పుండుతోనే పోటీ చేసి, 50 సెకనుల ఆధిక్యము పోగొట్టుకొని, 8 సెకనులలో గ్రెగ్ లెమాండునకు ఓడెను. (లెమాండు గాలికి తక్కువ అడ్డుపడు క్రొత్త హ్యాండిలు వాడుటయు నొక కారణమే.) అతనికి ఆగు వీలు లేకుండెను. మనకున్నది.

కురుపును గిల్లరాదు, పిండరాదు. గోరువెచ్చని నీటిలో శుభ్రమైన గుడ్డ ముంచి, పది నిమిషములసేపు, దినమునకు మూడు నాలుగుమాఱులు కాపడము పెట్టవలెను. సున్నము పట్టువేయు పాత వాడుక యిచ్చట పనికిరాదు. చిట్లిన చర్మమును సున్నము కాల్చును. దురదతో, ఎఱ్ఱని అంచుగల వలయముగా వ్యాపించునది పుండు గాదు, తామర. దానికి అంగడివాడిచ్చు స్టెరాయిడు కలిసిన మలాములు రాసినచో దురద తగ్గినట్లుండి తామర మఱింత ప్రాకును.

రెండు మూడు దినములలో తగ్గకున్నను, ఎఱ్ఱదనము ప్రాకినను, జ్వరము వచ్చినను వైద్యునికి చూపవలెను. మధుమేహముగల తల్లిదండ్రులు, వైద్యుల సలహాపైననే సైకిలు త్రొక్కుచున్నను, ఇంత కాలమును కాచియుండరాదు. మొదటి కురుపునకే వెళ్లవలెను. చర్మము పూర్తిగా మానిన పిదప పది పదునైదు నిమిషములతో మరల నారంభించి, నొప్పి లేనియెడల వారమువారమునకు కొంచెము పెంచుకొనవచ్చును.